తాళం తీసేసిన సోమవారం

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఏమిటో ముందే చెప్పేస్తాను. ఆక్సిజన్ బండి రావలసిన రోజున రాకపోవడం, వస్తుందని నమ్ముకున్న మనిషి ఆ వేళకి ఇంట్లో ఒక్కతే ఉండటం. చావంటే కూడా నాకు అంత భయం లేదు. ఇదంటే ఉంది.

ఇది ఊరికే ఊహించుకున్న భయం కాదు. మా నొహేలియా ఏడో నెలలోనే పుట్టేసింది. మనిసాలెస్ కొండకొమ్మున ఉన్న ఊరు, అక్కడ గాలి పలచన. నాలుగు మెట్లెక్కితే పెద్దవాళ్ళకే ఆయాసం వస్తుంది, అరచేతిలో పట్టే పిల్లకి ఆ గాలి ఏం సరిపోతుంది? ముక్కులో గొట్టం పెట్టి, పక్కన సిలిండర్ ఇచ్చి ఇంటికి పంపారు. పద్నాలుగు నెలలు ఆ సిలిండర్ మా మంచం పక్కనే ఉంది. దాని సుయ్‌మనే చప్పుడు వినబడుతుంటేనే నాకు నిద్ర పట్టేది.

పిల్లకి నాలుగు నెలలప్పుడు ఒక సోమవారం బండి రాలేదు. మా దేశంలో చాలా పండగలకి సెలవు పండగ రోజున ఇవ్వరు, తర్వాత వచ్చే సోమవారానికి జరుపుతారు. శని, ఆది, సోమ కలిసొస్తే జనం ఊళ్ళు తిరగొచ్చని. అందరూ బ్యాగులు సర్దుకుని పోయారు. సిలిండర్ల కంపెనీ మాత్రం 'సోమవారం వస్తున్నాం' అని ఫోనుకి మెసేజ్ పంపింది. ఆ సోమవారం డిపోకి తాళం, ఆఫీసుకి తాళం. సాయంత్రం పిల్లని చంకనేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాను. ఏమీ కాలేదు, దేవుడి దయ. మంగళవారం పొద్దున్నే ఆ కంపెనీ గుమ్మంలో నిలబడి గొంతు పోయేదాకా అరిచాను.

కంపెనీ పేరు ఇక్కడ రాయను. రాస్తే నామీద కేసు వేస్తారు, వాళ్ళకి లాయర్లు ఉన్నారు.

నా అరుపులకి లోపల్నించి డాక్టరమ్మ క్లెమెన్సియా వచ్చింది. ఆవిడ వైద్యం చదవలేదు. మా దగ్గర పెద్ద కుర్చీలో కూర్చున్న వాళ్ళెవరైనా డాక్టరే. "అంత తెలిసినదానివి, నువ్వైతే ఎలా చేస్తావో చెప్పు" అంది, వెటకారంగానే. గోడమీద క్యాలెండర్ ఉంది. దాన్ని దింపి, వెనక్కి తిప్పి గీసి చూపించాను. సోమవారం సెలవైతే, ఆ రోజు వెళ్ళాల్సిన ఇళ్ళన్నీ ముందు శనివారానికి రావాలి. ఇంతే కదమ్మా. కంప్యూటర్ కోర్సు మూడు సెమిస్టర్లు చదివాను నేను. కడుపు వచ్చాక మానేశాను. ఆ మూడు సెమిస్టర్లు ఆ క్యాలెండర్ వెనక్కి సరిపోయాయి. నెల తిరక్కుండా నన్ను పనిలోకి పిలిచారు.

మొదట యాప్‌లో తప్పులు వెతకడమే నా పని. తర్వాత తర్వాత సెలవుల లెక్క నేనే రాశాను. ఆ ఆఫీసులో అందరూ ఒకళ్ళనొకళ్ళు 'ఇంజనీరుగారూ' అని పిలుచుకుంటారు, టీ పోసే ఆవిడ దగ్గర్నించీ అందరూ అలాగే అంటారు. నన్ను మాత్రం 'అమ్మాయి' అనేవారు. "అమ్మాయిని అడగండి", "అమ్మాయి చూస్తుంది". డిగ్రీ లేదుగా.

అసలు ఇంజనీరు ఫాబియాన్. సర్వరు తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. ఆయన ఒప్పుకుంటే తప్ప యాప్‌లో ఒక్క అక్షరం మారదు.

ఇక్కడ మా పని సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు.

ఒక్కొక్కళ్ళ కంప్యూటర్ ఒక్కో రకం. ఒకదాంట్లో నడిచిన యాప్ ఇంకోదాంట్లో మొరాయిస్తుంది. అందుకని యాప్‌నీ, అది నడవడానికి కావలసిన సామానంతటినీ కలిపి ఒక డబ్బాలో పెట్టి మూతేస్తాం. దాన్ని కంటైనర్ అంటారు. డబ్బా ఎక్కడికి తీసుకెళ్ళినా లోపల అదే సామాను ఉంటుంది కాబట్టి ఒకేలా నడవాలి. సామాను అంటే బయటివాళ్ళు ఎవరో రాసిపెట్టిన లైబ్రరీలు. తేదీలకి ఒకటి, మెసేజ్‌లకి ఒకటి, దేశదేశాల సెలవులు చెప్పేది ఒకటి, ఇలా మాకు నూటపదిపైగా ఉన్నాయి. వాటిని రాసేవాళ్ళు ఊరుకోరు, వారం వారం మార్చి కొత్త నంబరు వేస్తుంటారు.

డబ్బా కట్టడానికి రెండు కాగితాలు ఉంటాయి. ఒకదాంట్లో 'సెలవుల లైబ్రరీ కావాలి' అని ఉంటుంది. రెండోది లాక్ ఫైలు. అందులో 'సెలవుల లైబ్రరీ, ఫలానా నంబరుదే, ఇంకోటి తేవద్దు' అని ఉంటుంది. పిల్లకి పాలపొడి తెమ్మని కొట్టుకి పంపేటప్పుడు 'ఏదో కొత్తగా వచ్చిన డబ్బా తీసుకురా' అంటామా? నంబరు చెప్పి పంపుతాం. పాత ఖాళీ డబ్బా చేతికిచ్చి, ఇలాంటిదే అని మరీ పంపుతాం. లాక్ ఫైలంటే అదే. దాన్ని నేను పిల్లని చూసుకున్నట్టు చూసుకున్నాను. ఏ నంబరు మార్చాలన్నా ఒక్కటే మార్చి, యాప్ లెక్క సరిగ్గా ఉందో లేదో చూసే టెస్టులన్నీ నడిపి, పచ్చగా వస్తేనే ఉంచేదాన్ని.

ఫాబియాన్‌కి అది చాదస్తం. "అమ్మాయికి ఆ ఫైలుతో పెళ్ళయింది" అని అందరి ముందూ నవ్వేవాడు. నేను కూడా నవ్వేదాన్ని. అదే నా తప్పు. లాక్ ఫైలు లేకపోతే డబ్బా కట్టనే కట్టొద్దు అని ఒక్క లైను రాస్తే చాలు, ఎవరు తీసేసినా పని అక్కడే ఆగిపోతుంది. ఆ లైను రాయడం నాకు తెలుసు. మళ్ళీ నవ్వుతారని రాయలేదు.

ఆగస్టు పదిహేను మరియమ్మ స్వర్గానికి వెళ్ళిన పండగ. ఈసారి శనివారం పడింది, సెలవు పదిహేడు సోమవారానికి జరిగింది. శుక్రవారం నేను పనికి వెళ్ళలేదు, పాపని ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించే రోజు. శనివారం పొద్దున ఎనిమిది కాకముందే విల్మార్ ఫోన్ చేశాడు. అతను బండి డ్రైవరు, సిలిండర్లు మోసేది కూడా అతనే.

"యురానీ, నన్ను ఉద్యోగంలోంచి తీసేశారా? తీసేస్తే చెప్పమ్మా, ఇంటికెళ్ళి పడుకుంటా."

"ఏమైంది?"

"నా లిస్టులో ఒక్క ఇల్లు లేదు. నిన్న రెండు రోజుల ఇళ్ళు ఒక్కరోజే ఇచ్చి నడుం విరగ్గొట్టారు. ఇవాళ సున్నా. డిపోలో అందరం కూర్చుని పేకాడుతున్నాం."

"సోమవారం లిస్టు తెరువు" అన్నాను.

"సోమవారం సెలవు కదా."

"తెరవమంటున్నా కదా!"

తెరిచాడు. తర్వాత మెల్లిగా అన్నాడు. "పంతొమ్మిది ఇళ్ళున్నాయి. ఎవరివో మాత్రం ఆ రోజు వచ్చేదాకా చూపించదు."

పంతొమ్మిది ఇళ్ళు, ఎవ్వరూ పనిచెయ్యని రోజున. యాప్‌కి శనివారం సెలవులా కనబడుతోంది, సోమవారం మామూలు రోజులా కనబడుతోంది. పండగ ఎప్పుడో తెలిసిందిగానీ మేం సెలవు ఎప్పుడు తీసుకుంటామో తెలీదు దానికి. ఆ పంతొమ్మిది మందికీ 'సోమవారం వస్తున్నాం' అని మెసేజ్ వెళ్ళే ఉంటుంది. డిపో శనివారం మధ్యాహ్నం పన్నెండుకి మూస్తారు. మళ్ళీ తెరిచేది మంగళవారమే.

పాపని ఎత్తుకుని ఆఫీసుకి వెళ్ళాను. కాపలా ఆయన తప్ప ఎవరూ లేరు. నా కంప్యూటర్ తెరిచి చూస్తే విషయం రెండు నిమిషాల్లో బయటపడింది. గురువారం సాయంత్రం ఫాబియాన్ డబ్బా మళ్ళీ కట్టి సర్వరుకి ఎక్కించాడు. లాక్ ఫైలు లేదు, తీసేశాడు. అది లేకపోతే నూటపది లైబ్రరీలూ తాజావి దిగుతాయి. అలాగే దిగాయి. సెలవుల లైబ్రరీ కొత్త నంబరులో పద్ధతి మార్చారు. పండగని దాని అసలు తేదీనే చూపిస్తుంది. సోమవారానికి జరిపిన సెలవులు కావాలంటే విడిగా అడగాలి. మా యాప్ అడగదు, అడగాలని దానికి ఎవరూ చెప్పలేదు.

దీనికోసమే నేను రాసిన టెస్టు ఒకటుంది. పండగ శనివారం పడి సెలవు సోమవారానికి జరిగితే ఏమవాలో అందులో ఉంది. అది ఎర్రగా అరిచే ఉంటుంది కదా, మరి ఎలా దాటాడు అని చూస్తే, టెస్టు మీద 'దాటెయ్' అని గుర్తు ఉంది. పక్కన ఒక మాట రాశాడు: 'అమ్మాయి టెస్టు తిక్కగా ఉంది, మంగళవారం చూద్దాం.'

ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తాడు. వెనకాల కారులో పాటలు, పిల్లల కేకలు. వేడిప్రాంతానికి ఈతకొలనున్న ఇల్లు అద్దెకి తీసుకుని పోతున్నాడు.

"యురానీ, ఇవాళ శనివారం."

"శనివారమని నాకు తెలుసు ఇంజనీరుగారూ. మీరు కట్టిన డబ్బాకే తెలీదు. లాక్ ఫైలు ఏమైంది?"

"ఓ అదా. కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చారు కదా, చిప్పు వేరు. నీ ఫైలుతో కట్టబోతే కట్టట్లేదు. తీసేస్తే రెండు నిమిషాల్లో కట్టింది."

"మరి నా టెస్టు?"

"ఎర్రగా వస్తోందని పక్కన పెట్టాను. మంగళవారం చూద్దామని రాశాగా."

"సోమవారం సెలవు గురించిన టెస్టుని మంగళవారం చూస్తారా?"

"గొంతు తగ్గించి మాట్లాడు. నా దగ్గర బాగానే నడుస్తోంది."

"మీ దగ్గర ఊపిరాడుతోంది కాబట్టి నడుస్తోంది. ఇక్కడ పంతొమ్మిది మందికి సోమవారం సిలిండర్ అయిపోతుంది. సర్వరు తాళంచెవి ఇవ్వండి, పాత డబ్బా నేను ఎక్కిస్తాను. పది నిమిషాల పని."

"తాళంచెవి డిగ్రీ ఉన్నవాళ్ళకే ఇవ్వాలని నియమం. నేను పెట్టింది కాదు."

"అయితే కారు ఆపి మీరే చెయ్యండి."

"కొండదారిలో ఎక్కడ ఆపమంటావు? చూడు అమ్మాయ్, సిలిండర్‌లో ఎప్పుడూ కాస్త మిగులుంటుంది. అంత కంగారు..." ఇంకేదో అన్నాడు. పాటలు పెద్దవయ్యాయి, లైను పోయింది. మళ్ళీ చేస్తే ఫోను ఆగిపోయి ఉంది.

మిగులుంటుందట. పద్నాలుగు నెలలు సిలిండర్ పక్కన పడుకున్నదాన్ని నేను. ఎంత మిగులుంటుందో నాకు చెప్తాడా? ఆ క్షణాన ఆయన ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో రాయను, నా కూతురు ఎప్పుడైనా ఇది చదువుతుంది.

కానీ ఆ డబ్బా పద్ధతే నన్ను కాపాడింది. శుక్రవారం నేను పనికి రాలేదు కాబట్టి నా కంప్యూటర్‌లో కొత్త డబ్బా కట్టలేదు. పాతది, నా లాక్ ఫైలుతో కట్టినది, అలాగే మూతేసి ఉంది. వారానికోసారి సర్వరు నుంచి ఇళ్ళ వివరాల నకలు నా దగ్గరకి వస్తుంది, గురువారంది ఉంది. పాత డబ్బా నడిపించాను. ఊరంతా కొత్తది తాగేసి తూలుతుంటే అదొక్కటే నిబ్బరంగా నిలబడి జవాబు చెప్పింది. పదిహేను శనివారం, వెళ్ళాల్సిన ఇళ్ళు. సోమవారానికి ఉండిపోయిన పంతొమ్మిదీ అందులో వరసగా వచ్చాయి.

టైము తొమ్మిదిన్నర. విల్మార్‌కి ఫోన్ చేసి ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాను. పాప నా ఒళ్ళో కూర్చుని జున్నుబూరె తింటూ ఆ చేత్తోనే కీబోర్డు మీద కొడుతోంది.

"ఆగు ఆగు. వీధి నంబరు మళ్ళీ చెప్పు. నువ్వు జోలపాడినట్టు చదివితే నేనెలా రాసుకోను?"

"పాప నోట్లో వేలు పెట్టిందిరా! వినిపిస్తోందా ఇప్పుడు?"

"వినిపిస్తోంది. కానీ యురానీ, డిపో ఆయన స్లిప్పు లేకుండా సిలిండర్లు ఇవ్వనంటున్నాడు. కంప్యూటర్‌లో లేనిదాన్ని తను ఇవ్వలేడట. 'కంప్యూటర్ కంటే డ్రైవర్‌కి ఎక్కువ తెలుసా' అని అడుగుతున్నాడు."

డాక్టరమ్మకి చేశాను. జుట్టు ఆరబెట్టే మిషను హోరు వినబడుతోంది.

"ఇంజనీరు ఏమన్నాడు?" అదే మొదటి మాట.

"ఇంజనీరుగారు ఈతకి వెళ్తున్నారు డాక్టరమ్మా."

"వెటకారాలొద్దు. ఆయన తప్పు లేదంటే?"

"నేను మీ గుమ్మంలో అరిచిన రోజు గుర్తుందా? అలాంటివాళ్ళు పంతొమ్మిది మంది, మంగళవారం పొద్దున వస్తారు. అరవడానికి ఊపిరున్నవాళ్ళు వస్తారు."

మిషను హోరు ఆగింది. "నువ్వు పొరబడి ఉంటే?"

"పొరబడితే పంతొమ్మిది మందికి ఒక సిలిండర్ ఎక్కువ ఉంటుంది. అంతేగా."

"బాధ్యత నీదే మరి."

"నాదే. రాసిస్తాను."

ఆవిడ డిపోకి చెప్పింది. పదకొండున్నరకి బండి నిండింది. పన్నెండుకి గేటు మూశారు. సాయంత్రం నాలుగున్నరకి విల్మార్ పద్దెనిమిది ఇళ్ళు పూర్తి చేశాడు. పంతొమ్మిదో ఇంటి దగ్గర ఆగిపోయాడు. సోల్ఫెరీనో పేటలో మెట్లదారి, దోన్యా అనాతిల్దె హిరాల్దో, డెబ్బైతొమ్మిదేళ్ళు, ఒంటరి మనిషి. పెద్దావిడని మా దగ్గర దోన్యా అనే పిలుస్తాం.

"తలుపు తియ్యట్లేదు. ఫోన్ ఎత్తట్లేదు. బండి అయిదున్నరకల్లా డిపో కాపలా ఆయనకి అప్పజెప్పాలి, లేకపోతే నాకు మెమో ఇస్తారు. గుమ్మంలో వదిలెయ్యనా?"

"వదిలితే పదినిమిషాల్లో పాత ఇనుములోకి పోతుంది. అక్కడే ఉండు, వస్తున్నా."

తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తొద్దని మా ముసలివాళ్ళందరికీ పిల్లలు నూరిపోశారు. బెదిరించి డబ్బు గుంజే ముఠాలు అలాగే చేస్తాయి మరి. కంపెనీ నంబరు కూడా ఆవిడకి తెలియని నంబరే. మెసేజ్ మాత్రం చదువుతుంది.

పాపతో ఆ మెట్లన్నీ ఎక్కేసరికి నా గుండె దడదడలాడుతోంది. విల్మార్ సిలిండర్‌కి ఆనుకుని కూర్చున్నాడు, చొక్కా తడిసి ముద్దయింది. తలుపు బాదాను. కిటికీకి చెవి ఆనించాను. నాకు అలవాటైన ఆ చప్పుడు ఉంది, కానీ చాలా సన్నగా వస్తోంది. పక్కింటావిడ కిందికి తొంగిచూసి, మమ్మల్ని ఎగాదిగా చూసి కేకేసింది.

"దోన్యా అనాతిల్దే! దొంగలు కాదు. చంకలో పిల్లనేసుకున్న పిల్ల. తియ్యండి!"

చాలాసేపటికి గడియ కదిలింది. బక్కపల్చటి మనిషి, అల్లిన శాలువా కప్పుకుని ఉంది. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. తలుపు పట్టుకునే నిలబడింది, పట్టు వదిలితే పడిపోయేలా ఉంది.

"కూర్చోండమ్మా, కూర్చోండి" అని మంచం మీదకి నడిపించి, సిలిండర్ దగ్గరకి వెళ్ళాను. గాలి ఎంత రావాలో తిప్పే మర రెండు మీద ఉండాలి, గోడకంటించిన డాక్టరు చీటీలో రెండు అనే ఉంది. అది అర మీద ఉంది.

"దీన్ని ఎవరు తిప్పారు?"

"నేనే."

"ఎందుకమ్మా?"

ఒక్కో మాటకీ ఆగి ఆగి చెప్పింది. "నిన్న వచ్చిన మీ మెసేజ్ సోమవారం అంది. సోమవారం ఎవడు పనిచేస్తాడు, పండగ సెలవు కదా. అంటే మంగళవారం అన్నమాట. అప్పటిదాకా రావాలి కదా అని కొంచెం తిప్పుకున్నా."

"ఫోన్ చెయ్యాల్సింది కదా!"

"ఎందుకు? పాపం ఆ సిలిండర్లు మోసేవాళ్ళకీ పండగే కదా తల్లీ. నేనేం పరుగుపందేనికి వెళ్తున్నానా, మంచం మీదే ఉన్నాగా. కాస్త తక్కువ పీల్చుకుంటే సరిపోతుందనుకున్నా."

విల్మార్ గోడవైపు తిరిగిపోయాడు. నేను మర రెండు మీదకి తిప్పాను. తక్కువ పీల్చుకుంటే సరిపోతుందట. ఒకడు తన ల్యాప్‌టాప్‌లో రెండు నిమిషాలు మిగుల్చుకోవడానికి ఒక ఫైలు తీసేశాడు. ఈవిడ శుక్రవారం నుంచీ తన ఊపిరిని కొసరుకుంటోంది, తిట్టుకోకుండా, వాడి సెలవు చెడగొట్టకుండా. ఆవిడ కొంచెం తిట్టి ఉంటే బాగుండేది. ఆ మంచితనానికి నాకొచ్చినంత కోపం ఎవరి దుర్మార్గానికీ రాలేదు.

పావుగంటకి పెదాలకి రంగు వచ్చింది. రాగానే లేచి మాకు బెల్లం నీళ్ళు కాచబోయింది. "కూర్చోండి!" అని ఇద్దరం ఒక్కసారే అరిచాం.

"అబ్బో, అరుపులు" అంది. "పిల్లకైనా ఇస్తాను. ఏం పిల్లా, నీకూ కావాలా ముక్కులో మీసం?" అని తన గొట్టం చూపించింది. నొహేలియా చెయ్యి చాపి ఆ గొట్టాన్ని పట్టుకోబోయింది. దానికి గుర్తుందో ఏమో నాకు తెలీదు.

మంగళవారం ఆఫీసులో మీటింగు పెట్టారు. ఫాబియాన్ ఎండకి కమిలిన మొహంతో వచ్చి, తెరమీద బొమ్మలు వేసి చెప్పాడు. "లైబ్రరీలు చాలాకాలంగా పాతవైపోయి ఉన్నాయి. డబ్బాలో సామాను చూసుకునే వ్యక్తి వాటిని వేళకి మార్చలేదు. అందుకే ఒక్కసారిగా కొత్తవి దిగేసరికి తేడా వచ్చింది." ఆ వ్యక్తిని నేనే. నా పేరు కూడా అనలేదు.

"లాక్ ఫైలు ఎవరు తీశారు?" అన్నాను.

"అదికాదు అసలు విషయం."

"టెస్టు నోరు మూసింది ఎవరు?"

"యురానీ," అంది డాక్టరమ్మ, "ఎవరికీ ఏమీ కాలేదు కదా. నువ్వు బాగా చేశావు, అందరం మెచ్చుకుంటున్నాం. కేకులు తెప్పించాను."

కేకులు తెప్పించిందట. దోన్యా అనాతిల్దె పెదాల సంగతి చెప్పాను, అర మీద ఉన్న మర సంగతి చెప్పాను. మూడు అడిగాను. లాక్ ఫైలు మళ్ళీ పెట్టండి, అది లేకపోతే డబ్బా కట్టకూడదన్న లైను రాయండి, నా టెస్టు మీద గుర్తు తీసెయ్యండి. కొత్త చిప్పుకి సరిపడే లాక్ ఫైలు ఒక్కరోజులో నేనే తయారుచేస్తానన్నాను. "వచ్చే నెల పనుల్లో చూద్దాం" అన్నాడు ఫాబియాన్. "సోమవారం సమస్య ఆల్రెడీ సరిచేశాను."

ఎలా సరిచేశాడో చూశాను. ఆగస్టు పదిహేడు సెలవు, అని ఆ ఒక్క తేదీని యాప్‌లో చేత్తో రాశాడు. అయిపోయిన సోమవారాన్ని రాశాడు. రాబోయేవాటి జోలికి పోలేదు.

అప్పుడు నేను అన్న మాటలు ఆ గదిలో అంతకుముందు ఎవరూ అని ఉండరు. నీ డిగ్రీ ముక్కులో పెట్టుకుని పీల్చు, ఎంతసేపు బతుకుతావో చూస్తా అన్నాను. ఇంకా చాలా అన్నాను. నెలాఖరుకి నా కాంట్రాక్టు అయిపోయింది, మళ్ళీ రాయలేదు. నా కంప్యూటర్ వెనక్కి తీసుకున్నారు. పాత డబ్బా అందులోనే ఉంది. తుడిచేసే ఉంటారు.

ఇప్పుడు మేం లా దొరాదాలో ఉంటున్నాం. నొహేలియా వాళ్ళ నాన్న ఇక్కడ లారీల షెడ్డులో పనిచేస్తాడు, అత్తగారింట్లో రెండు గదులు మావి. నదిపక్క ఊరు, పల్లం, గాలి చిక్కన. పిల్ల పొద్దస్తమానం పరిగెడుతుంది, ఆయాసం లేదు. నాకు మాత్రం ఏ శనివారమూ కుదురుగా ఉండదు. క్యాలెండర్ చూస్తూ కూర్చుంటాను. నవంబరులో సోమవారానికి జరిపిన సెలవులు రెండున్నాయి, మొదటి సోమవారం ఒకటి, మూడో సోమవారం ఒకటి. విల్మార్‌ని అడిగితే, తనని వేరే ఊరి దారికి మార్చారట, సోల్ఫెరీనో ఇళ్ళు ఎవరికిచ్చారో తెలీదన్నాడు. కంపెనీకి మూడు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఆవిడకి ఫోన్ చేస్తే నా నంబరూ తెలియని నంబరే.

నాకు వెళ్ళే దారి లేదు. బస్సులో కొండెక్కడం సగం రోజు, పిల్లని మళ్ళీ ఆ ఎత్తుకి తీసుకెళ్ళొద్దని డాక్టరు చెప్పాడు.

మీరు మనిసాలెస్ వాళ్ళైతే, లేదా మీవాళ్ళు ఎవరైనా అక్కడ ఉంటే, ఒక్క పని చెయ్యండి. ఆ రెండు సోమవారాలకి ముందు శనివారం మధ్యాహ్నం లోపల సోల్ఫెరీనో మెట్లదారి ఎక్కండి. ఆకుపచ్చ తలుపు, పక్కన జెరానియం కుండీలు. వెంటనే తియ్యదు, కంగారుపడకండి, పక్కింటావిడని పిలవమనండి. బండి వచ్చిందా అని ఆవిడని అడగొద్దు, వచ్చిందనే చెప్తుంది. లోపలికి వెళ్ళి మీ కళ్ళతో చూడండి, దోన్యా అనాతిల్దె ఎలా ఉందో.